ప్లాటుకు చెరువు ఎంత దూరం? క్యూజీఐఎస్‌లో లేయర్లు పేర్చే పద్ధతి

పోయిన ఎండాకాలం మా మేనల్లుడు ఒక వెంచర్ బ్రోచర్ పట్టుకుని హబ్సిగూడలో మా ఇంటికి వచ్చాడు. రెండు వందల గజాల ప్లాటు, పక్కనే చెరువు. బ్రోచర్‌లో ఆ చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్, నీళ్లలో బాతులు. "అత్తా, నువ్వు చేసేదే మ్యాపుల పని గదా, ఈ ప్లాటు చెరువుకు ఎంత దూరముందో చూసి చెప్పు" అన్నాడు. ఐదు నిమిషాల్లో అయిపోతుందని వాడి అంచనా. మ్యాప్ అంటే ఫోన్‌లో కనబడే బొమ్మ, రెండు వేళ్లతో పెద్దది చేస్తే అన్నీ తెలిసిపోతాయి అనుకునే వయసు. "నేను చూడను, నువ్వే చూడు, నేను పక్కన కూర్చుంటా" అని ల్యాప్‌టాప్ వాడి ముందు పెట్టాను. మూడు గంటలు పట్టింది. వాడికి చెప్పిందంతా, వాడు చేసిన తప్పులతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న ఇరిగేషన్‌లో ట్రేసర్. ఊరి నక్షా బల్ల మీద పరిచి, దాని మీద ట్రేసింగ్ క్లాత్ వేసి, నీలి సిరాతో చెరువు గీసేవాడు. కాలువలకు ఇంకో క్లాత్. సర్వే నంబర్ల హద్దులకు మరొకటి. మూడూ ఒకదాని మీద ఒకటి పేర్చి వెలుతురుకి పడితే ఏ కాలువ ఎవరి పొలంలోంచి పోతుందో కనబడేది. ప్రతి క్లాత్ మూలల్లో చిన్న ప్లస్ గుర్తులుండేవి. అవి ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే "మత్తడి తీస్కపోయి గర్భగుడిల పెట్టినట్టయితది" అనేవాడు.

సాఫ్ట్‌వేర్‌లో లేయర్ అంటే ఆ క్లాతే. తేడాలు రెండు. క్లాత్ మీద గీత ఉత్త గీత. ఇక్కడ ప్రతి గీత వెనక ఒక పట్టికలో ఒక వరస ఉంటుంది. హుస్సేన్ సాగర్ ఆకారం మీద నొక్కితే పేరు, విస్తీర్ణం, ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) 513.41 మీటర్లు, ఇలా మనం నింపినవన్నీ కనిపిస్తాయి. రెండో తేడా, మూలల్లోని ప్లస్ గుర్తుల పని సీఆర్‌ఎస్, అంటే కోఆర్డినేట్ రిఫరెన్స్ సిస్టమ్, చేస్తుంది. ఈ పనిలో జరిగే తప్పుల్లో సగానికి పైగా ఈ రెండో దగ్గరే జరుగుతాయి. అందుకే నేను కూడా దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి అరగంట

క్యూజీఐఎస్ అంటే మ్యాపుల పని చేసే సాఫ్ట్‌వేర్, ఉచితం. 2002లో గ్యారీ షెర్మన్ అనే ఆయన మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. డౌన్‌లోడ్ పేజీలో లాంగ్ టర్మ్ రిలీజ్ అని ఉన్నదే తీసుకోండి. కొత్త వెర్షన్‌లో కొత్త సోకులుంటాయి, వాటితోపాటు కొత్త బగ్గులూ ఉంటాయి.

తెరవగానే ఎడమవైపు బ్రౌజర్ ప్యానెల్, దాని కింద లేయర్స్ ప్యానెల్ ఉంటాయి. బ్రౌజర్‌లో ఎక్స్‌వైజెడ్ టైల్స్ కింద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంటుంది, దాన్ని లాగి మధ్యలో వదలండి. ప్రపంచం కనబడుతుంది. హైదరాబాద్ దాకా జూమ్ చేసుకోండి. ఇప్పుడు కింద కుడిమూల చూస్తే ఈపీఎస్‌జీ 3857 అని ఉంటుంది, అది ప్రాజెక్టు సీఆర్‌ఎస్ కోడ్ నంబరు. దాని మీద నొక్కి 32644 అని వెతికి మార్చండి. ఎందుకో తర్వాత చెప్తాను. బేస్‌మ్యాప్ వేశాకే మార్చాలి. ఖాళీ ప్రాజెక్టులో ముందే మార్చి ఆ తర్వాత బేస్‌మ్యాప్ వేస్తే, మొదట వచ్చిన లేయర్ సీఆర్‌ఎస్‌నే ప్రాజెక్టు పట్టుకుంటుంది, మీరు పెట్టింది పోతుంది.

లేయర్స్ ప్యానెల్‌లో పైనున్నది పైన, కిందున్నది కింద. ఇంత చిన్న విషయానికి కూడా నాకు ఫోన్లు వస్తాయి: "మేడం, డేటా మొత్తం పోయింది!" పోదు. శాటిలైట్ బొమ్మను లాగి అన్నిటికన్నా పైన పెట్టి ఉంటారు. దుప్పటి తీస్తే పరుపు కనబడినట్టు, దాన్ని కిందికి లాగితే అన్నీ కనబడతాయి. చుక్కలు పైన, గీతలు వాటి కింద, విస్తీర్ణాలు ఇంకా కింద, ఫోటో లాంటివి అట్టడుగున.

చుక్క, గీత, విస్తీర్ణం అన్నాను కదా. ఇవి వెక్టర్ లేయర్లు. బోరుబావి చుక్క, నాలా గీత, చెరువు విస్తీర్ణం. ఒక లేయర్‌లో ఒకే రకం పెట్టాలి. రెండో జాతి రాస్టర్. అది గళ్ల కాగితం, ఒక్కో గడిలో ఒక్కో అంకె. శాటిలైట్ బొమ్మయినా, నేల ఎత్తులు చెప్పే డెమ్ అయినా ఇంతే.

గడి సైజును మన కొలతల్లో చెప్పుకుంటే బాగా అర్థమవుతుంది. సెంటినెల్-2 బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి, ఒక గడి 10 మీటర్లు ఇంటు 10 మీటర్లు, అంటే 100 చదరపు మీటర్లు. మన గుంట 121 గజాలు, అంటే 101 చదరపు మీటర్లు. కాబట్టి ఆ బొమ్మలో ఒక గడి అంటే దాదాపు ఒక గుంట. మావాడి రెండు వందల గజాల ప్లాటు రెండు గళ్లు కూడా నిండదు. బాలానగర్‌లో ఉన్న ఎన్‌ఆర్‌ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) వాళ్లు భువన్ పోర్టల్‌లో కార్టోడెమ్ ఎత్తుల డేటా ఉచితంగా ఇస్తారు. దాని గడి 30 మీటర్లు, అంటే దాదాపు 1076 గజాలు. ఐదు ప్లాట్లు ఒకే గడిలో కూర్చుంటాయి, ఐదింటికీ కలిపి ఒకటే ఎత్తు. దాని మీద కాంటూర్, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత, గీసి "ఇదిగో ఎఫ్‌టీఎల్" అని చూపించే వాళ్లను చూశాను. నీళ్లు ఏ దిక్కుకు పోతాయో మోటుగా తెలుసుకోవడానికి డెమ్ మంచిదే. ప్లాటు హద్దు తేల్చడానికి మాత్రం పనికిరాదు.

చెరువు అంటే ఏ చెరువు?

మావాడికి చెరువు లేయర్ కావాలి. ప్లగిన్స్ మెనూలోంచి క్విక్‌ఓఎస్‌ఎమ్ ఇన్‌స్టాల్ చేయించాను. అందులో కీ దగ్గర నేచురల్, వాల్యూ దగ్గర వాటర్ అని పెట్టి, ఇప్పుడు తెర మీద కనబడుతున్న మేరకు తీసుకురమ్మంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉన్న చెరువులూ కుంటలూ అన్నీ వచ్చిపడ్డాయి. వాడు సంబరపడ్డాడు. "అయిపోయింది కదా?"

కాలేదు. లేయర్ పేరు పక్కన చిన్న చిప్ బొమ్మ ఉందా? అది తాత్కాలిక లేయర్. కరెంటు పోతే లేయర్ కూడా పోతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రమంతా కూర్చుని నాలాలు గీశాను. ఎనిమిదింటికి కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిందని అప్పుడే తెలిసింది. ఆ చిప్ బొమ్మ మీద నొక్కి వెంటనే జియోప్యాకేజ్ అనే ఫైల్ రకంలో సేవ్ చేయండి.

షేప్‌ఫైల్ అనే ఇంకో ఫైల్ రకం వద్దా అని అడుగుతారు. ఎవరైనా పంపితే తెరవండి, మీరు మాత్రం అందులో సేవ్ చేయకండి. అది ఒక ఫైల్ కాదు, నాలుగైదు ఫైళ్ల గుంపు. డాట్ ఎస్‌హెచ్‌పీ ఒక్కటే వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకు ఏమీ తెరుచుకోదు. పైగా పట్టికలో నిలువు వరస పేరుకు పది బైట్లే ఇస్తుంది. యూనికోడ్ తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి, గుణింతం కూడా విడిగా లెక్కే. "చెరువు" అనే మాటే పట్టదు. జియోప్యాకేజ్‌లో ఈ గొడవ లేదు, ఒకే ఫైల్‌లో ఎన్ని లేయర్లయినా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చెరువు ఎవరో ఒక వలంటీర్ శాటిలైట్ ఫోటో చూస్తూ గీసింది. ఆ ఫోటో తీసిన రోజు నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అంతవరకే గీస్తారు. మే నెల ఫోటో అయితే చెరువు సగమే ఉంటుంది. ఎఫ్‌టీఎల్ అనేది నీటి అంచు కాదు, ఒక ఎత్తు: అలుగు పారేదాకా నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ గీత. రెవెన్యూ నక్షాలో ఉండే శిఖం (చెరువు నీళ్ల కింద మునిగే భూమి) హద్దు ఇంకోటి. మూడింటికీ జనం పెట్టే పేరు "చెరువు". 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అనే మాట ఆటోవాళ్లు కూడా అంటున్నారు, కానీ లేయర్ పేరు చూసి అది ఏ చెరువో అడిగేవాళ్లు తక్కువ. నేను పేరులోనే రాసుకుంటాను: చెరువు, ఓఎస్‌ఎమ్, నీటి అంచు, తెచ్చిన తేదీ. పొడుగు పేరని నవ్వుతారు. ఆర్నెల్ల తర్వాత ఆ ఫైల్ మళ్లీ తెరవాల్సి వచ్చేది నాకే, వాళ్లకు కాదు.

ఎఫ్‌టీఎల్ మ్యాపులు హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. మా చెరువుది దొరికింది. కానీ పీడీఎఫ్‌కు తాను భూమ్మీద ఎక్కడుందో తెలియదు. దాన్ని బొమ్మగా మార్చి, లేయర్ మెనూలో జియోరిఫరెన్సర్ తెరిచి, బొమ్మలో ఒక చోటు నొక్కి, అదే చోటు అసలు మ్యాప్‌లో చూపించాలి. కట్ట రెండు కొసలు, గుడి మూల, రోడ్ల కూడలి, ఇలా ఏళ్లు గడిచినా కదలనివి ఎంచుకోండి. నాలుగు చాలంటారు, నేను ఎనిమిది పెడతాను. అన్నీ ఒక మూలకే పెట్టకుండా బొమ్మ నాలుగు వైపులా పరవాలి. ట్రాన్స్‌ఫర్మేషన్ దగ్గర పాలినామియల్ 1 ఎంచుకోండి. థిన్ ప్లేట్ స్ప్లైన్ పెడితే తేడాలన్నీ సున్నా అని చూపిస్తుంది. మావాడు అది చూసి మురిసిపోయాడు. అది మీరు పెట్టిన ప్రతి చుక్క దగ్గరికీ బొమ్మను రబ్బరులా సాగదీస్తుంది కాబట్టి సున్నా వస్తుంది. మీరు ఒక చుక్క తప్పు పెట్టినా సున్నానే. పాలినామియల్‌లో మాకు సగటు తేడా 4 మీటర్లు వచ్చింది. ఆ 4 కాగితం మీద రాసి పెట్టుకోమన్నాను.

(ఇదే పద్ధతిలో పాత మ్యాపులూ ఎక్కించొచ్చు. 1908 మూసీ వరద తర్వాత, 1910ల్లో లియొనార్డ్ మన్ చేయించిన నగర సర్వే మ్యాపుల్లో ఒకదాన్ని ఇప్పటి వీధుల మీద పరిచి, సగం పారదర్శకం చేసి చూడండి. ఒక ఆదివారం ఎటు పోయిందో తెలియదు.)

స్వాల్‌బార్డ్, రత్నగిరి, వియత్నాం

ప్లాటు నాలుగు మూలల దగ్గర నిలబడి ఫోన్‌లో కోఆర్డినేట్లు రాసుకొచ్చాడు మావాడు. వాటిని ఎక్సెల్‌లో కొట్టి, సీఎస్‌వీగా సేవ్ చేసి, యాడ్ డిలిమిటెడ్ టెక్స్ట్ లేయర్‌తో తెచ్చాడు. చుక్కలు కనబడలేదు. లేయర్ మీద కుడి బటన్ నొక్కి జూమ్ టు లేయర్ అంటే ఆర్కిటిక్ సముద్రంలో స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలాయి.

మనం మాటల్లో "అక్షాంశం, రేఖాంశం" అంటాం, ఫోన్ కూడా 17.4, 78.5 అనే వరసలోనే ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ ముందు ఎక్స్ అడుగుతుంది. ఎక్స్ అంటే అడ్డం, అంటే రేఖాంశం, మనకు 78. వై అంటే 17. తిరగేస్తే 78 ఉత్తర అక్షాంశం, 17 తూర్పు రేఖాంశం, అక్కడున్నది ధృవపు ఎలుగుబంట్లు. మీ హైదరాబాద్ చుక్కలు మంచులో కనబడితే ఈ తప్పే అనుకోండి.

రెండో తప్పు అరేబియా సముద్రంలో తేలుతుంది. భూమిని 6 డిగ్రీల పట్టీలుగా కోసి ఒక్కో పట్టీకి ఒక నంబరిచ్చారు, అదే యూటీఎమ్. 78 నుంచి 84 డిగ్రీల దాకా ఉన్నది 44వ పట్టీ. హైదరాబాద్ 78.48 దగ్గర, ఆ పట్టీ పడమటి అంచుకు కాస్త లోపల ఉంది. దాని ఉత్తర భాగానికి కోడ్ 32644, ఇందాక మార్చమన్నది అదే. ముంబై హైవే మీద సంగారెడ్డి దాటి కొంచెం ముందుకు పోతే పట్టీ మారిపోతుంది. జహీరాబాద్ 43లో ఉంది. ఆ వైపు పని చేసినవాళ్లు పంపే ఫైళ్లలో 43, 44 కలగాపులగమవుతుంటాయి. 44లో కొలిచిన హైదరాబాద్ అంకెలకు 43 అని చీటీ అంటిస్తే అన్నీ 6 డిగ్రీలు పడమటికి జరిగి, రత్నగిరి తీరానికి అవతల నీళ్లలో పడతాయి.

చీటీ అన్నాను, అది గుర్తు పెట్టుకోండి. లేయర్ మీద కుడి బటన్ నొక్కితే సెట్ లేయర్ సీఆర్‌ఎస్ అని వస్తుంది. అది చీటీ మాత్రమే మారుస్తుంది, డబ్బాలో సరుకు అదే. కారం డబ్బా మీద పసుపు అని రాసినట్టు. సరుకే మారాలంటే ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో రీప్రాజెక్ట్ లేయర్ వాడాలి, అది అంకెల్ని లెక్కకట్టి కొత్త లేయర్ ఇస్తుంది. చీటీ తప్పుగా ఉందని కచ్చితంగా తెలిస్తేనే మొదటిది. మిగతా అన్నిసార్లూ రెండోది.

చీటీలు సరిగా ఉంటే వేర్వేరు సీఆర్‌ఎస్‌ల లేయర్లను కూడా క్యూజీఐఎస్ తెర మీద కలిపి చూపిస్తుంది. ఇదే మోసం చేస్తుంది. కళ్లకు అన్నీ కలిసే ఉంటాయి, లెక్కలు మాత్రం ఒక్కో లేయర్ సొంత కొలతలో జరుగుతాయి. మావాడు ఓఎస్‌ఎమ్ చెరువుకు 30 మీటర్ల బఫర్, అంటే అంచు నుంచి అంత దూరం దాకా చుట్టూ వలయం, పెట్టబోయాడు. వెక్టర్ మెనూ, జియోప్రాసెసింగ్ టూల్స్, బఫర్, దూరం దగ్గర 30, రన్. తెరంతా గులాబీ రంగు. జూమ్ అవుట్ చేస్తే మన చెరువు బఫర్ అరేబియా ఎడారి నుంచి వియత్నాం దాకా పరుచుకుని ఉంది. ఆ లేయర్ 4326లో, అంటే డిగ్రీల్లో ఉంది. వాడిచ్చిన 30ని అది 30 డిగ్రీలుగా తీసుకుంది. దూరం గడి పక్కన డిగ్రీలు అని రాసే ఉంటుంది, ఎవరూ చూడరు. ముందు మీటర్లలో ఉండే 32644కు రీప్రాజెక్ట్ చేసి, ఆ కొత్త లేయర్‌కు బఫర్ పెట్టాలి.

ఇంత పెద్ద తప్పయితే మేలే, వెంటనే దొరుకుతుంది. దొరకని తప్పు తర్వాత వచ్చింది.

పది హెక్టార్ల గీత

2012 నాటి జీవో 168 ప్రకారం చెరువు 10 హెక్టార్లు, ఆ పైన ఉంటే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు కూడదు. 10 కన్నా తక్కువుంటే 9 మీటర్లు. (కొనేముందు ఇప్పటి నిబంధన ఏమిటో అడిగి తెలుసుకోండి.) అంటే చెరువు విస్తీర్ణం తేలాలి. ఎఫ్‌టీఎల్ గీతను మావాడు కొత్త లేయర్‌లో గీశాడు. ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో విస్తీర్ణం లెక్క కడితే 10.2 హెక్టార్లు. వాడి మొహం వాడిపోయింది. ప్లాటు దగ్గరి మూల ఎఫ్‌టీఎల్ గీతకు 14 మీటర్ల దూరంలో ఉంది. 30 మీటర్ల నిబంధనైతే ప్లాటు పోయినట్టే.

నేను లేయర్ ప్రాపర్టీస్ తెరిపించాను. సీఆర్‌ఎస్ 3857. కొత్త లేయర్ చేసేటప్పుడు ఏది కనబడితే దానికి ఓకే కొట్టాడు. 3857 అంటే వెబ్ మెర్కేటర్, ఫోన్ మ్యాపులన్నీ ఇందులోనే తిరుగుతాయి. భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ అది అన్నిటినీ ఉబ్బించి చూపిస్తుంది. మన హైదరాబాద్ అక్షాంశం దగ్గర పొడవులు దాదాపు 5 శాతం, విస్తీర్ణాలు దాదాపు 10 శాతం పెరుగుతాయి. 32644లోకి రీప్రాజెక్ట్ చేసి మళ్లీ లెక్క కడితే 9.3 హెక్టార్లు.

ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో విస్తీర్ణానికి రెండు సూత్రాలున్నాయి. ముందు డాలర్ గుర్తు ఉన్న ఏరియా, ప్రాజెక్టు సెట్టింగుల్లో ఇచ్చిన భూగోళం ఆకారాన్ని బట్టి లెక్క కడుతుంది, కాబట్టి సీఆర్‌ఎస్ ఏదైనా దాదాపు సరైన జవాబే ఇస్తుంది. డాలర్ లేకుండా బ్రాకెట్లో జియోమెట్రీ ఇచ్చేది చదునైన కాగితం మీద కొలిచినట్టు కొలుస్తుంది. మావాడు రెండోది వాడాడు. రెండూ కట్టి చూసుకోండి. తేడా ఎక్కువొస్తే సీఆర్‌ఎస్ చూడమని అర్థం.

9.3 అంటే 9 మీటర్ల బఫర్. జియోరిఫరెన్స్‌లో వచ్చిన 4 మీటర్ల తేడా చెరువు చుట్టూ బయటివైపే పడిందనుకున్నా, 10 హెక్టార్లు దాటదు, అది కూడా కట్టి చూశాం. "మరైతే 14 లోంచి 9 తీసేస్తే ఐదు మీటర్లు ఉన్నయి, సేఫే గదా అత్తా?"

కాగితం మీద రాసుకున్న 4 చూడమన్నాను. తెరిపి ఆకాశం కింద కూడా ఫోన్ జీపీఎస్ 5 మీటర్ల దాకా అటూ ఇటూ అవుతుంది. నాలుగూ ఐదూ తొమ్మిది. చేతిలో ఉన్న జాగా ఐదు, రాగల తప్పు తొమ్మిది. ఈ లేయర్లతో ఈ ప్రశ్నకు జవాబు రాదు. చెరువు పెద్దదా చిన్నదా అన్నదానికి వచ్చింది, ప్లాటు లోపలా బయటా అన్నదానికి రాదు. లైసెన్సున్న సర్వేయర్‌తో డీజీపీఎస్ (ఫోన్ జీపీఎస్ కన్నా కచ్చితంగా కొలిచే పరికరం) పెట్టించి నాలుగు మూలలూ కొలిపించమన్నాను. దానికయ్యే ఖర్చు వెంచర్ వాళ్లనే పెట్టుకోమని అడగమన్నాను కూడా.

వాడు ఫైల్ పంపమన్నాడు. ఇక్కడ ఆఖరి గొయ్యి ఒకటుంది. ప్రాజెక్ట్ ఫైల్‌లో డేటా ఉండదు, ఏ లేయర్ ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ చిరునామాలు, రంగులు మాత్రమే ఉంటాయి. అదొక్కటే పంపితే అవతల తెరవగానే లేయర్లు దొరకడం లేదని ఒక జాబితా వస్తుంది. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో ప్యాకేజ్ లేయర్స్ అని ఉంది. కావలసిన వెక్టర్ లేయర్లకు టిక్కు పెట్టి, స్టైల్స్ కూడా సేవ్ చేయమనే గడి వదలకుండా చూసి, ఒకే జియోప్యాకేజ్‌లోకి పోయండి. రాస్టర్లు అందులోకి రావు. జియోరిఫరెన్స్ చేసిన ఎఫ్‌టీఎల్ బొమ్మను విడిగా పక్కన పెట్టి పంపాలి.

వాడు స్టైల్స్ గడి వదిలేశాడు. ఇంటికెళ్లి తెరిస్తే చెరువు గోధుమ రంగులో, ప్లాటు నీలం రంగులో కనబడ్డాయట. రాత్రి పదింటికి ఫోన్ చేసి ప్లాటు చెరువైపోయిందన్నాడు. ప్రాపర్టీస్‌లో సింబాలజీ ఎక్కడుందో చెప్పి పడుకున్నాను.